గుళ్లోకి చెప్పులే తీసుకెళ్లం, తుపాకీ ఎలా తీసుకెళ్తాం?

ప్రశ్న: అక్కా, మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నాకు 39 ఏళ్లు. గ్రీన్ కార్డు వచ్చి కొన్నేళ్లయింది. 2023లో ఆలెన్ మాల్ కాల్పుల తర్వాత భయమేసి ఒక పిస్తోలు కొన్నాను. లైసెన్సు తీసుకున్నాను, నెలకోసారి షూటింగ్ రేంజికి వెళ్తుంటాను. ఈ సంగతి మా గుడి కమిటీలో ఒక పెద్దాయనకు తెలిసింది. "టెక్సస్ చట్టమే ఒప్పుకుంటోంది, చర్చీల్లో అందరూ చేస్తున్నారు, మనమూ ఎనిమిది మందితో టీమ్ పెడదాం, నువ్వు ముందుండాలి" అంటున్నారు. వీపు మీద సెక్యూరిటీ అని అచ్చేసిన టీషర్టులు కూడా ఆర్డరు పెట్టబోతున్నారు. టీమ్‌లో హెచ్1బీ మీద ఉన్న కుర్రాళ్లు ఇద్దరున్నారు, నాకన్నా వాళ్లకే హుషారు ఎక్కువ. మా ఆవిడ మాత్రం "గుళ్లోకి చెప్పులే తీసుకెళ్లం, తుపాకీ ఎలా తీసుకెళ్తావు?" అని ఒక్క మాట అని, మూడు రోజులుగా మాట్లాడటం లేదు. ఆ పెద్దాయన మా గృహప్రవేశానికి దగ్గరుండి అన్నీ చూసుకున్న మనిషి, కాదనడానికి నోరు రావటం లేదు. చట్టం నిజంగా ఒప్పుకుంటుందా? నన్నేం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టీషర్టుల ఆర్డరు ఆపించు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ పెద్దాయన చెప్పే చట్టం ఉన్నమాట నిజమే. సెనేట్ బిల్లు 2065. 2017లో పాసైంది, ఆ సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు చర్చిలోనైనా గుళ్లోనైనా కాపలా బృందం అంటే ప్రైవేటు సెక్యూరిటీ లైసెన్సుల తతంగం ఉండేది. పైసా తీసుకోకుండా సేవగా చేసేవాళ్లకూ అదే రూలు. ప్రార్థనా స్థలం ఆవరణలో ఏ ప్రతిఫలమూ లేకుండా కాపలా కాసేవాళ్లకు ఆ లైసెన్సు అక్కర్లేదని ఈ బిల్లుతో మినహాయించారు. దాంతోపాటే ఒక షరతూ పెట్టారు. డ్యూటీలో ఉన్నప్పుడు సెక్యూరిటీ అన్న మాట ఉన్న యూనిఫారంగానీ బ్యాడ్జీగానీ వేసుకోకూడదు, చూసేవాళ్లకు పోలీసో సెక్యూరిటీ గార్డో అనిపించేలా తయారవకూడదు. అంటే మీవాళ్లు ఏ చట్టం పేరు చెప్పి టీమ్ పెడుతున్నారో, ఆ చట్టాన్నే మొదటిరోజే వీపు మీద అచ్చేసుకుని మరీ దాటబోతున్నారన్నమాట. ప్రతిఫలం అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. ఆదివారం కాపలాకి వచ్చినవాళ్లకు పెట్రోలు ఖర్చులకని కమిటీ చెక్కు రాయడం మొదలుపెడితే మినహాయింపు నిలబడుతుందో లేదో లాయరుని అడగాల్సి వస్తుంది.

ఇక గుళ్లోకి తుపాకీ తేవచ్చా అన్నది వేరే చట్టం. దానిమీద చాలాకాలం గందరగోళం నడిచింది. 2019లో సెనేట్ బిల్లు 535 వచ్చి తేల్చింది. గుడివాళ్లు వద్దని చెప్పనంతవరకూ తుపాకీ లైసెన్సున్నవాళ్లు తేవచ్చు. వద్దనాలంటే నోటితో చెప్పొచ్చు, రాసివ్వొచ్చు, బోర్డు పెట్టొచ్చు. బోర్డుకి మాత్రం లెక్కలున్నాయి. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, చట్టంలో ఉన్న మాటలు ఉన్నట్టుగా రాయాలి. తెలుగులో "దయచేసి ఆయుధాలు తేకండి" అని రంగు కాగితం మీద రాసి చెప్పుల స్టాండు దగ్గర అంటిస్తే అది కోర్టులో నిలబడదు. పైగా 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు దాటి, చట్టపరంగా అడ్డంకులేవీ లేనివాళ్లకు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకు తిరిగే వీలొచ్చింది. కాబట్టి మీ కమిటీ ముందు తేల్చుకోవాల్సింది టీమ్ సంగతి కాదు, ఆదివారం వచ్చే భక్తుల నడుముకి ఏమున్నా ఫరవాలేదా అన్నది. చాలా గుళ్లలో ఈ మాట మీటింగు దాకా రానే రాదు.

ఇప్పుడు ఆ హెచ్1బీ పిల్లల సంగతి. దీని గురించి గట్టిగా చెప్తాను, ఏమనుకోకు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 అందరికీ వర్తిస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. టెక్సస్ శాసనసభ ఎన్ని బిల్లులు పాస్ చేసినా ఇందులో వేలు పెట్టలేదు. "హంటింగ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుందంట అక్కా" అని నాకు నెలకొకరు రాస్తుంటారు. ఆ మినహాయింపు చట్టంలో ఉంది, నిజమే. కానీ జింకల వేటకని తీసుకున్న కాగితం జేబులో పెట్టుకుని ధ్వజస్తంభం పక్కన కాపలా కాసిన కుర్రాడు రేపు ఏదన్నా జరిగితే ఇమ్మిగ్రేషన్ జడ్జికి ఏం చెప్పుకుంటాడు? తెలిసి తెలిసి వాళ్ల చేతికి నీ పిస్తోలు ఇస్తే నీదీ నేరమే. "కాసేపు పట్టుకోరా, దణ్ణం పెట్టుకొస్తా" అన్నా సరే. నీకూ చెప్తున్నా. గ్రీన్ కార్డున్నవాళ్లు తుపాకీ ఉంచుకోవచ్చు, అందులో తప్పులేదు. కానీ ఆయుధాల కేసులో శిక్షపడితే గ్రీన్ కార్డున్నా దేశం నుంచి పంపించేసే అవకాశం ఉంది. నీ పక్కన కాపలా కాసే అమెరికన్ పౌరుడికి లేని ఆ భారం నీకుంది. సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెట్టకముందే ఇలాంటి టీమ్‌లో పేరు రాయించుకోవాలా వద్దా అని ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఒక గంట ఫీజిచ్చి అడుగు.

మీ పెద్దాయన చెప్పే ఆ 2017 చట్టం నీ నెత్తిమీంచి సెక్యూరిటీ లైసెన్సు బాదరబందీ ఒక్కటే తీసేసింది. నైపుణ్యం ఇవ్వలేదు, పోలీసు అధికారం ఇవ్వలేదు, కాల్చాక అడ్డంపడే డాలూ ఇవ్వలేదు. నీ తూటా తగలకూడనివాళ్లకు తగిలితే అందరికీ వర్తించే చట్టమే నీకూ వర్తిస్తుంది. సేవాసంస్థల వాలంటీర్లకు టెక్సస్‌లో కొంత రక్షణ ఉన్నా, ఒళ్లు తెలియని నిర్లక్ష్యానికి అది పనికిరాదు. మీ గుడి ఇన్సూరెన్స్ పాలసీలో ఆయుధాల గురించి ఏముందో ఎవరన్నా చదివారా? నాకు తెలిసిన కమిటీల్లో ఆ కాగితాలు ట్రెజరరు ఇంట్లో, పాత రసీదు పుస్తకాల కింద ఉంటాయి.

మీ పెద్దాయన మనసులో ఉన్న బొమ్మ ఏదో నాకు తెలుసు. 2019 డిసెంబరు 29, ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్‌లో వెస్ట్ ఫ్రీవే చర్చి. విగ్గు, పెట్టుడు గడ్డంతో వచ్చిన ఒకడు ప్రార్థన మధ్యలో లేచి షాట్‌గన్ తీశాడు. జాక్ విల్సన్ అనే వాలంటీరు ఒక్క దెబ్బతో వాణ్ని పడగొట్టాడు. మొత్తం ఆరు సెకన్లు. ఆ వీడియో వాట్సాప్‌లో మనవాళ్ల గ్రూపులన్నీ తిరిగింది. మరోసారి పెట్టుకుని నెమ్మదిగా చూడు. ఆ ఆరు సెకన్లలోనే ఇద్దరు పోయారు. అందులో ఒకాయన సెక్యూరిటీ టీమ్ మనిషే. తుపాకీ తీస్తూ తీస్తూ ఒరిగిపోయాడు. ఆ తర్వాత బెంచీల మధ్య నుంచి ఇంకా కొందరు తుపాకులు పట్టుకుని లేస్తారు. వాళ్లెవరో, ఏ పక్కో, బయటి నుంచి అప్పుడే తలుపు తోసుకొచ్చిన పోలీసుకి ఎలా తెలుస్తుంది? 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో జరిగింది అదే. దుండగుణ్ని కాల్చి ఆపినాయనను పోలీసులు పొరపాటున కాల్చేశారు.

విల్సన్ ఎవరనుకున్నావు? ఒకప్పుడు షెరీఫ్ ఆఫీసులో రిజర్వు డిప్యూటీగా చేసినవాడు, సొంత రేంజి నడుపుకుంటూ మిగతా టీమ్‌కి తనే శిక్షణ ఇచ్చినవాడు. అలాంటి మనిషి విషయమూ గ్రాండ్ జ్యూరీ ముందుకి వెళ్లింది. వాళ్లు కేసు అక్కర్లేదన్నారు, నిజమే, కానీ అందుకు నెలలు పట్టింది. నీ సంగతి చూస్తే, టెక్సస్ లైసెన్సు పరీక్షలో 50 తూటాలు. మూడు గజాల నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10. 250కి 175 వస్తే పాస్. ఎదురుగా ఉండేది కదలని కాగితం. నెలకోసారి రేంజికి వెళ్లడం అంటావా, మా ఇంట్లో నెలకోసారి హార్మోనియం తీసేవాళ్లున్నారు. కచేరీ చెయ్యమంటే చెయ్యరు.

గుడి ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లముందు తెచ్చుకో. వైకుంఠ ఏకాదశి, తెల్లవారుజామున ఐదు. ఉత్తర ద్వారం దగ్గర క్యూ. నువ్వు పంచెలో ఉన్నావు. పంచెకి హోల్‌స్టర్ ఎక్కడ పెడతావు? బెల్టు కడితే పైన ఉత్తరీయం జారిన ప్రతిసారీ కనిపిస్తుంది. సాష్టాంగం చేస్తే నేలకి తగులుతుంది. ప్రదక్షిణలో పిల్లలు పరిగెత్తుకొచ్చి సరిగ్గా ఆ నడుముకే గుద్దుకుంటారు. మన గుళ్లలో చప్పుళ్లు వేరే. టెంకాయ పగిలిన చప్పుడు, ఎవరో బలంగా లాగిన గంట, నాదస్వరం డోలు, దీపావళి నాడు పార్కింగులో బాణాసంచా. చర్చి బెంచీల మీద వరసగా కూర్చున్న జనం కాదు మనది. ఒకరు తీర్థానికి, ఒకరు శఠగోపానికి, ఒకరు ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తూ ఉంటారు. నువ్వు ఎక్కడ గురిపెట్టినా దాని వెనక ఎవరో ఒకరి అమ్మమ్మ ఉంటుంది.

నేను చూసింది ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక గుళ్లో నేను చెప్పుల స్టాండు డ్యూటీలో ఉన్నాను. ఒకతను లోపలికి వెళ్తూ బూట్లతోపాటు చిన్న గుడ్డసంచి అరలో పెట్టి వెళ్లాడు. కాసేపటికి పదేళ్ల పిల్ల తన చెప్పులు వెతుక్కుంటూ ఆ సంచి లాగి, "ఆంటీ, ఇదేంటి ఇంత బరువుగా ఉంది?" అని నా చేతికిచ్చింది. పట్టుకోగానే అర్థమైంది. ఆ అరగంట నేను ఆ సంచి ఒళ్లో పెట్టుకుని ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. అతను మంచివాడే. గర్భగుడి ముందుకి తుపాకీతో వెళ్లడానికి మనసొప్పక అక్కడ పెట్టాడట! మీ ఆవిడ అన్నది ఇదే. చెప్పుల సామెతలా అంది గానీ, అందులో లెక్క ఉంది. మన మనిషి దేవుడి దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని ఎక్కడో ఒకచోట వదిలేస్తాడు. చెప్పుల అరలోనో, కార్లోనో. కార్లో పెట్టినది దొంగ చేతికి పోతుంది.

"హనుమంతుడి చేతిలో గద లేదా, తిరుమలలో ఆక్టోపస్ కమాండోలు లేరా" అని మీటింగులో ఎవరో ఒకరు లేస్తారు, చూస్తూ ఉండు. ఉన్నారు. జీతం తీసుకుని, పొద్దున లేచింది మొదలు అదే పనిగా శిక్షణ పొంది, పై అధికారికి జవాబు చెప్పుకునే పోలీసులు వాళ్లు. అదే తిరుమలలో శ్రీవారి సేవకులు ఏం చేస్తారో కూడా అతనికి గుర్తుచెయ్యి. క్యూలో మంచినీళ్లు ఇస్తారు, అన్నప్రసాదం వడ్డిస్తారు.

అలాగని భయమే లేదని నేననను. ఆలెన్‌లో మన తెలుగమ్మాయే పోయింది. 2012లో విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆదివారం వంట జరుగుతుండగానే ఒకడు వచ్చి కాల్చాడు. కానీ మన గుళ్లకు ఈమధ్య వచ్చిన ఆపదలు ఏ వేళప్పుడు వచ్చాయో చూడు. 2024 జనవరిలో మన టెక్సస్‌లోనే బ్రేజోస్ వ్యాలీ గుళ్లో హుండీ ఎత్తుకుపోయారు. కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో గోడల మీద పిచ్చిరాతలు. యూటాలో స్పానిష్ ఫోర్క్ రాధాకృష్ణ ఆలయం మీద 2025 వేసవిలో ఇరవై ముప్పై తూటాలు పేల్చారు. చాలామటుకు గుడి ఖాళీగా ఉన్నప్పుడో, రాత్రిళ్లో. ఆదివారం పదిన్నరకి అభిషేకం దగ్గర నీ నడుముకున్న పిస్తోలు వీటిలో దేన్ని ఆపేది? కెమెరా, లైటు, మంచి తాళం అయితే ఆపేవేమో.

మీకు ముప్పావుగంట దూరంలో కాలీవిల్ ఉంది. 2022 జనవరి 15న అక్కడి యూదుల ప్రార్థనా మందిరంలో జరిగింది మీ కమిటీకి చెప్పు. చలిలో తలుపు తట్టిన అపరిచితుణ్ని అక్కడి మతగురువు, రబ్బీ చార్లీ సైట్రన్-వాకర్ లోపలికి పిలిచి టీ పెట్టిచ్చాడు. ప్రార్థన మధ్యలో వెనక నుంచి తుపాకీ క్లిక్కుమన్న చప్పుడు వినబడింది. నలుగురు బందీలు, పదకొండు గంటలు. ఒకరిని మధ్యలో వదిలాడు. రాత్రి రబ్బీ వాడి మీదకి కుర్చీ విసిరి, మిగతా ఇద్దరితో తలుపులోంచి బయటపడ్డాడు. ముందు తీసుకున్న భద్రతా శిక్షణే కాపాడిందని ఆయనే చెప్పాడు. బందీలు ఎంతసేపూ తలుపు ఎటుందో చూసుకుంటూ, మెల్లమెల్లగా దానికి దగ్గరగా జరిగారు.

ఇప్పుడు మీ గుళ్లో వంటగది వెనక తలుపు గుర్తు తెచ్చుకో. నేను వెళ్లిన ప్రతి గుళ్లోనూ ఆ తలుపు తెరిచే ఉంటుంది. పులిహోర గిన్నెలు మోసుకొచ్చేవాళ్లకు అడ్డమని నూనె డబ్బానో బియ్యం బస్తానో అడ్డం పెట్టేస్తారు. ముందు ఎనిమిది మంది తుపాకులతో నిలబడి, వెనక నూనె డబ్బా కాపలా కాస్తుంటే ఏం లాభం?

కాబట్టి నా మాట ఇది. ఇప్పుడున్న పరిస్థితిలో తుపాకీ డ్యూటీకి ఒప్పుకోకు. టీమ్‌లో మాత్రం చేరు. ముందు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ నమస్కారం పెట్టి, కళ్లలోకి చూసి పలకరించు. అంతకు మించిన కాపలా లేదు. ఆ హెచ్1బీ పిల్లలనూ పక్కన పెట్టుకో. చేతిలో రేడియో, జేబులో రక్తస్రావం ఆపే కిట్టు ఉంటే చాలు, వాళ్ల హుషారంతా దానికి పనికొస్తుంది. పండగ రోజుల్లో ఆఫ్-డ్యూటీ పోలీసుల్ని పెట్టుకోండి. ఎలాగూ పార్కింగుకి పిలుస్తారుగా, ఇంకొకరిని గుమ్మం దగ్గరకి పిలవండి. ఫెడరల్ ప్రభుత్వంలో సిసా (CISA) అని సైబర్, మౌలిక వసతుల భద్రత చూసే సంస్థ ఉంది, అందులో ప్రొటెక్టివ్ సెక్యూరిటీ అడ్వైజర్లని ఉంటారు. పిలిస్తే ఉచితంగా వచ్చి గుడి అంతా తిరిగి ఎక్కడ లోపాలున్నాయో చెప్తారు. వాళ్లు రాసిచ్చింది పట్టుకుని ఫెడరల్ విపత్తు సహాయ సంస్థ ఫెమా (FEMA) వాళ్ల నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంటుకి అప్లై చెయ్యొచ్చు. కెమెరాలు, గేట్లు, తలుపులు, జీతం ఇచ్చి పెట్టుకునే గార్డులు కూడా అందులోకి వస్తాయి. యూదుల సినగాగ్‌లు ఎన్నో ఏళ్లుగా వాడుకుంటున్నాయి. మనవాళ్లకు గాలిగోపురానికి చందాలు వసూలు చెయ్యడం వచ్చినంతగా ఫారాలు నింపడం రాదు.

వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదివేవాళ్లు ఇదంతా తమకూ వర్తిస్తుందనుకోకండి. మిసిసిపీలో 2016లో వచ్చిన చట్టం, చర్చి నియమించి శిక్షణ ఇప్పించిన సభ్యులకు కొంత రక్షణ కూడా ఇచ్చింది. ఆనాటి గవర్నరు బైబిలు మీద తుపాకీ పెట్టి మరీ సంతకం చేశాడు. న్యూయార్క్ 2022లో ప్రార్థనా స్థలాల్లోకి తుపాకులే వద్దంది, మరుసటేడు భద్రత చూసేవాళ్ల వరకు సడలించింది. ఎక్కడివాళ్లు అక్కడి లాయరుని అడగండి.

పెద్దాయనకి ఎలా చెప్పాలన్నావు. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. ఇంటికెళ్లి కాఫీ తాగుతూ చెప్పు. "బాబాయిగారూ, టీమ్‌లో ఉంటాను, ఏ డ్యూటీ వేసినా చేస్తాను. తుపాకీ మాత్రం ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర్నుంచి, లాయరు దగ్గర్నుంచి రాతపూర్వకంగా వచ్చి, ఎవరు ఏం చెయ్యాలో కాగితం మీద పెట్టి, ఏడాది పాటు అసలైన శిక్షణ జరిగాక మాట్లాడుకుందాం" అను. ఆయనకు కోపం వస్తుందని భయపడుతున్నావు గానీ, ఆ టీషర్టుల సంగతి చెప్పావంటే నీకు థాంక్స్ చెప్తాడు. డెబ్బైలలో ఉన్న మనిషి, తను కట్టించిన గుళ్లో ఏదైనా జరుగుతుందేమోనని రాత్రిళ్లు నిద్రపట్టక ఈ ఆలోచన చేసి ఉంటాడు. ఆ భయాన్ని తీసిపారెయ్యకు. ఆయన్ని వెంటబెట్టుకుని ఒకసారి గుడి చుట్టూ నడువు, వంటగది దాకా.

మీ ఆవిడతో మాత్రం ఈ రోజే మాట్లాడు. ఆ పిస్తోలు ఇంట్లో ఎక్కడ ఉంటోంది, తాళం ఎవరి దగ్గరుంది, తూటాలు వేరే పెడుతున్నావా లేదా, అన్నీ చూపించు. గుడి గొడవ వల్ల బయటపడింది గానీ, 2023 నుంచీ ఆ ప్రశ్న ఆవిడ మనసులో ఉండే ఉంటుంది.